దొంగ డీవీఆర్ ఎత్తుకెళ్లినా ఫుటేజీ మిగలాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తెనాలిలో అమ్మానాన్నలు ఉంటున్న ఇంటికి నాలుగు కెమెరాలు, వాటి రికార్డింగ్ దాచే పెట్టె (డీవీఆర్) ఒకటి, అందులో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. మీరు బెంగళూరులో ఉంటారు. నాలుగు కెమెరాల రికార్డింగ్ మొత్తం రోజూ రాత్రి గూగుల్ డ్రైవ్‌కి ఎక్కేలా పెట్టాలనుకుంటున్నారు, దానికి ఎంత స్టోరేజీ కొనాలో చెప్పమన్నారు.

స్టోరేజీ లెక్క కింద చెబుతాను. ముందు ఆ "రోజూ రాత్రి" అన్న మాట గురించి మాట్లాడాలి. గుంటూరు, తెనాలి వైపు పదిహేనేళ్లకు పైగా కెమెరాలు బిగిస్తున్నాను. 2019 వేసవిలో ఒక రిటైర్డ్ టీచరుగారి ఇంట్లో నేనే అచ్చం మీరు అనుకుంటున్నట్టే పెట్టాను. పగలు నెట్ నెమ్మదిస్తుందని, ఆ రోజు రికార్డింగ్ అంతా రాత్రి 2 గంటలకు క్లౌడ్‌కి వెళ్లేలా టైము పెట్టాను. మూడు నెలలు చక్కగా నడిచింది. ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లిన రోజు రాత్రి దొంగలు పడ్డారు. ఎదురింటి కెమెరాలో వాళ్లు 11:40కి లోపలికి వెళ్లడం, 12:10కి బయటికి రావడం కనిపించింది. చీకట్లో ముఖాలు తెలియలేదు. ఒకడి చంకలో టీచరుగారి డీవీఆర్ మాత్రం ఉంది.

క్లౌడ్ తెరిచి చూస్తే, వాళ్లు పెళ్లికి వెళ్లిన రోజు తెల్లవారుజాము 2 గంటల వరకు జరిగినవన్నీ ఉన్నాయి. పాలబ్బాయి, పేపరబ్బాయి, మొక్కలకు నీళ్లు పోస్తున్న టీచరుగారు, అందరూ ఉన్నారు. కావలసిన ఆ అరగంట లేదు. ఇంకో రెండు గంటలు ఆగితే వెళ్లేది. ఆ ఇంటావిడ "ఏమైనా దొరికిందా బాబూ" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ రాత్రి బ్యాకప్ పెట్టలేదు.

పెళ్లి ఫొటోలకో, ఆఫీసు ఫైళ్లకో రోజుకోసారి బ్యాకప్ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మన భయం డిస్క్ పాడవుతుందనే. కెమెరా ఫుటేజీ సంగతి వేరు. ఏ పది నిమిషాల కోసం కెమెరాలు పెట్టామో, ఆ పది నిమిషాల్లోనే రికార్డింగ్ ఉన్న పెట్టె దొంగ చేతికి అందుతుంది. అందుకని ఎన్ని రోజుల ఫుటేజీ క్లౌడ్‌లో ఉందన్న లెక్క కంటే, మనిషి గేటు తీసిన ఎన్ని సెకన్లకు ఆ దృశ్యం ఇల్లు దాటిందన్నది ముఖ్యం. ఇక కింద చెప్పేదంతా ఆ సెకన్లను తగ్గించడం గురించే.

ఇంకో అపోహ కూడా తీరాలి. "ఫోన్‌లో యాప్ తెరిస్తే పాత రికార్డింగ్ కూడా కనిపిస్తోంది కదా, అంటే క్లౌడ్‌లో ఉన్నట్టే కదా" అని చాలామంది అడుగుతారు. లేదండీ. డీవీఆర్ సెట్టింగుల్లో కనిపించే "పీ2పీ క్లౌడ్" మీ ఫోన్‌ను ఇంట్లోని డీవీఆర్‌తో కలిపే దారి మాత్రమే. మీరు బెంగళూరులో నిన్నటి ఫుటేజీ చూస్తున్నప్పుడు అది తెనాలిలో ఉన్న హార్డ్ డిస్క్ నుంచే వస్తోంది. డీవీఆర్ ప్లగ్ పీకితే యాప్‌లో ఏమీ ఉండదు. నాన్నగారిని ఒక నిమిషం ప్లగ్ తీయమని చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఒక కెమెరా రోజంతా రికార్డు చేస్తే 10.8 జీబీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతావన్నీ గుణకారమే. 1080పీ కెమెరాకు మేము మామూలుగా 2 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 2 మెగాబిట్లు, పెడతాం. నాలుగు కెమెరాలకు రోజుకు 86.4 జీబీ, 30 రోజులకు దాదాపు 2.6 టీబీ. మీ 1 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులకు మించి పాత ఫుటేజీ ఉండకపోవడానికి కారణం ఇదే. డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. అదంతా క్లౌడ్‌కి పంపాలంటే 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఫైబర్ మీద కూడా, నెట్‌ను ఇంకెవరూ ముట్టుకోకపోతేనే, రోజుకు దాదాపు ఐదు గంటలు పడుతుంది. చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే స్పీడు పడిపోతుంది. 2.6 టీబీ కెమెరాలకే పోతే అమ్మగారి సీరియళ్లకు, మీ వీడియో కాల్స్‌కు మిగిలేది తక్కువ. స్టోరేజీ అద్దె కూడా చూసుకోండి. బ్యాక్‌బ్లేజ్ లాంటి చవకైన చోట కూడా 2023 అక్టోబరులో టీబీకి నెలకు 6 డాలర్లు చేశారు. ఖాళీగా ఉన్న వరండాను ఇరవై నాలుగు గంటలూ దాచడానికి నెలకు వెయ్యి రూపాయల పైన ఖర్చు పెట్టమని నేను చెప్పను.

కాబట్టి అన్నీ పంపకండి. ముఖం పడే కెమెరాలే పంపండి. మీ నాలుగింటిలో గేటు వైపు ఒకటి, వరండా తలుపు వైపు ఒకటి ఉంటాయి కదా, ఆ రెండే. పెరడుది, మేడ మెట్లది డీవీఆర్‌లో ఉంటే చాలు.

నేను మొదట చేయమనేది దాదాపు ఖర్చు లేనిది: మెయిల్ అలర్ట్. మీ డీవీఆర్ మెనూలో నెట్‌వర్క్ కింద ఈమెయిల్ లేదా ఎస్ఎంటీపీ అని ఉంటుంది. మోషన్, అంటే కదలిక, కనబడగానే ఫొటో తీసి మెయిల్ పంపిస్తుంది. ఫొటో చిన్నది కాబట్టి సెకన్లలో ఇల్లు దాటిపోతుంది. పది జీబీల వీడియో చేయలేని పని రెండు వందల కేబీల ఫొటో చేస్తుంది, ఎందుకంటే దొంగ డీవీఆర్‌ను వెతుక్కునే లోపే అది మీ మెయిల్‌లో ఉంటుంది. దీనికి మీ సొంత జీమెయిల్ వాడకండి, కెమెరాలకని కొత్త అకౌంటు తెరవండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు, ఫొటోలకు, డ్రైవ్‌కు కలిపి ఒకటే. అది నిండితే మెయిల్స్ రావడమే ఆగిపోతుంది. కెమెరా ఫొటోల వల్ల బ్యాంకు మెయిల్స్ ఆగిపోయినవాళ్లను చూశాను.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు పాస్‌వర్డ్. 2022 మే ఆఖరు నుంచి గూగుల్ మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలను లోపలికి రానివ్వడం లేదు. ముందు ఆ అకౌంటుకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, తర్వాత "యాప్ పాస్‌వర్డ్" తీసుకోవాలి. 16 అక్షరాలు వస్తాయి, వాటినే డీవీఆర్‌లో ఖాళీలు లేకుండా కొట్టాలి. పోర్టు 465 పెట్టి ఎస్ఎస్ఎల్ ఆన్ చేసి టెస్ట్ నొక్కండి. బాగా పాత డీవీఆర్లు కొన్ని ఇప్పటి ఎన్‌క్రిప్షన్‌ను అందుకోలేవు. అలాంటిదైతే టెస్ట్ దగ్గరే తెలిసిపోతుంది, దానితో కుస్తీ పడి లాభం లేదు.

మోషన్ అలర్టులను మొత్తం స్క్రీన్ మీద పెడితే మాత్రం మీరు వారం తిరక్కుండా వాటిని చూడటం మానేస్తారు. కొబ్బరాకు ఊగినా, వాన పడినా, కుక్క నడిచినా మెయిలే. అన్నిటికంటే పెద్ద బెడద సాలెపురుగు. చీకట్లో కనబడటానికి కెమెరా వేసుకునే ఐఆర్ లైటుకు రాత్రిపూట పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు లెన్స్ ముందు గూడు కడుతుంది, ఆ దారం గాలికి ఊగినప్పుడల్లా కెమెరా మనిషి వచ్చాడనుకుంటుంది. నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడిపించండి. మోషన్ సెట్టింగులో తెర మీద కనిపించే గళ్లలో గేటు నుంచి గడప దాకా ఉన్న దారిని మాత్రమే గుర్తు పెట్టండి, రోడ్డును వదిలేయండి. డీవీఆర్‌లో "హ్యూమన్" అని ఆప్షన్ ఉంటే అదే పెట్టండి.

రెండో అంచె వీడియో. డీవీఆర్‌లో ఫైళ్లను ఇంకో కంప్యూటర్‌కు పంపే ఎఫ్‌టీపీ ఉంటుంది, కానీ ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్, వీడియో రెండూ ఏ తాళమూ లేకుండా వెళ్తాయి. ఇంట్లోపల పరవాలేదు, ఇంటర్నెట్ మీద వద్దు. కొన్ని డీవీఆర్ల మెనూలో డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్ పేర్లు నేరుగా కనిపిస్తాయి. పని చేస్తే మంచిదే, కానీ ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్) పాతబడ్డాక అవి చప్పుడు లేకుండా ఆగిపోవడం చూశాను కాబట్టి వాటినొక్కటే నమ్ముకోవద్దు. నేను పెట్టేది పాత లాప్‌టాప్. మీ ఇంట్లో మూలన పడున్నది ఒకటి ఉండే ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ ఉండటం పెద్ద సుగుణం, కరెంటు పోయినా అది ఆగదు.

ఆ లాప్‌టాప్‌లో రెండు ఉచిత ప్రోగ్రాములు చాలు. డీవీఆర్ నుంచి గేటు, వరండా కెమెరాల వీడియోను ఆర్‌టీఎస్‌పీ (ఇంటి నెట్‌వర్క్ మీద లైవ్ వీడియో అందే పద్ధతి) దారిలో లాగి ముక్కలు ముక్కలుగా దాచడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఆ ముక్కలను క్లౌడ్‌కి పంపడానికి ఆర్‌క్లోన్. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు కాపీ చేయమని చెబితే పదేళ్ల నాటి లాప్‌టాప్‌కు కూడా భారం ఉండదు. ముక్క నిడివి ఒక్క నిమిషం పెట్టండి. రాస్తూ ఉన్న ముక్క పూర్తయ్యాకే క్లౌడ్‌కి వెళ్తుంది కాబట్టి, అన్నీ ఒకేసారి పోయినప్పుడు మీరు కోల్పోయేది ఆ ఆఖరి ముక్కనే. పదిహేను నిమిషాల ముక్కలు పెడితే దొంగ వచ్చి వెళ్లడం మొత్తం ఆ ఒక్క ముక్కలోనే ఉండి, దాంతోపాటే పోవచ్చు.

స్టోరేజీ ఎంత కొనాలని అడిగారు కదా, ఇప్పుడు చెబుతాను. డీవీఆర్‌లో కోడెక్‌ను (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.265కి మార్చి, సెకనుకు 15 ఫ్రేములు, 1 ఎంబీపీఎస్ పెట్టండి. రెండు కెమెరాలకు రోజుకు 21.6 జీబీ. మూడు రోజులకు 65 జీబీ. గూగుల్‌లో నెలకు 130 రూపాయల 100 జీబీ ప్లాన్‌లో హాయిగా పడుతుంది, నెలకు అప్‌లోడ్ 650 జీబీ లోపే. మూడు రోజులు దాటినవి ఆర్‌క్లోన్ తానే తీసేసేలా పెట్టవచ్చు. మూడు రోజులు సరిపోతాయా అని అడగొచ్చు. అలర్టులు రోజూ చూసేవాళ్లకు చాలు, ఏదైనా జరిగితే ఆ రోజే ఆ ముక్కలను వేరే ఫోల్డర్‌లోకి మార్చేస్తారు. రాత్రి ఫుటేజీని ఆపి చూసినప్పుడు గేటు దగ్గరి మనిషి ముఖం మసగ్గా ఉంటే 1.5 ఎంబీపీఎస్‌కి పెంచి, నిల్వ రెండు రోజులకు తగ్గించండి. రోజుల కంటే ముఖం విలువైనది. నాలుగు కెమెరాలకూ ఇదే సెట్టింగ్ పెడితే మీ 1 టీబీ డిస్క్ కూడా ఇరవై మూడు రోజులు నిలుస్తుంది.

ఈ దారిలో నాకు తెలిసిన గోతులు చెబుతాను, ఒక్కొక్కటీ ఎవరో ఒకరు పడి లేచినవే.

ఆర్‌క్లోన్‌లో కాపీ అని ఒకటి, సింక్ అని ఒకటి ఉంటాయి. సింక్ వాడకండి. సింక్ అంటే ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే ఉండాలని. లాప్‌టాప్‌లో ఫోల్డర్ ఎవరైనా చెరిపితే క్లౌడ్‌లోదీ చెరిపేస్తుంది. కాపీ అయితే పంపడమే తప్ప అక్కడున్నదాన్ని తీసేయదు.

గూగుల్ డ్రైవ్‌లో తీసేసిన ఫైళ్లు 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అవి కూడా కోటాలో లెక్కే. మూడు రోజుల నిల్వ అనుకుంటూ ఉంటే ఐదో రోజుకే 100 జీబీ నిండిపోయి అప్‌లోడ్ ఆగుతుంది. ట్రాష్‌కు పంపకుండా నేరుగా తీసేసే ఆప్షన్ ఆర్‌క్లోన్‌లో ఉంది, అది తప్పకుండా పెట్టండి.

వీడియోకు తాళం వేసి పంపే "క్రిప్ట్" కూడా ఆర్‌క్లోన్‌లోనే ఉంది. వేయమనే చెబుతాను. 2021 మార్చిలో అమెరికాలో వెర్కాడా అనే క్లౌడ్ కెమెరాల కంపెనీ అడ్మిన్ లాగిన్ ఒకటి బయటపడి, ఆసుపత్రులు, బడులు, జైళ్లతో సహా దాదాపు లక్షన్నర కెమెరాలు బయటివాళ్లకు అందాయి. మన తాళం మన దగ్గరే ఉంటే అలాంటి రోజున టెన్షన్ ఉండదు. కానీ ఆ తాళం ఉండేది ఆ లాప్‌టాప్‌లోనే. దొంగ లాప్‌టాప్ కూడా పట్టుకుపోతే, క్లౌడ్‌లో ఫుటేజీ భద్రంగా ఉన్నా తెరవలేరు. అందుకని ఆ పాస్‌వర్డులు కాగితం మీద రాసి బెంగళూరులో మీ దగ్గర ఒకటి, ఇంకో ఊళ్లో అక్కయ్య దగ్గరో బాబాయి దగ్గరో ఒకటి ఉంచండి. లాప్‌టాప్ పోయిందని తెలియగానే గూగుల్ అకౌంటులోకి వెళ్లి ఆ పరికరానికి ఇచ్చిన అనుమతి కూడా తీసేయాలి.

కొందరు చవక అని అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ లాంటివి చెబుతారు. అందులోంచి ఫైలు తిరిగి తీసుకోవడానికే గంటలు పడుతుంది, కనీసం 180 రోజుల అద్దె కట్టాలి. మూడు రోజులు ఉంచి తీసేసే ఫుటేజీకి అది పనికిరాదు.

డీవీఆర్ టీవీ కింద ఉంటే అక్కడే ఉండనివ్వండి, దొంగ దాన్ని తీసుకుని తృప్తి పడనీ. లాప్‌టాప్, రౌటర్ మాత్రం కంటికి కనబడని చోట ఉండాలి. అటక మీద పెట్టొద్దు, మన ఎండలకు మేడ కింద అటక మే నెలలో పొయ్యిలా ఉంటుంది, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉండే బ్యాటరీ ఉబ్బుతుంది. పడకగదిలో అల్మారా పైన గాలి ఆడేలా పెట్టి, సెట్టింగుల్లో ఉంటే ఛార్జింగ్‌ను 60 శాతానికి పరిమితం చేయండి. మూత వేసినా నిద్రపోకుండా చూడండి. ఫైబర్ పెట్టెకు, రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది లేకపోతే ఈ ఏర్పాటంతా మెయిన్ స్విచ్ దగ్గర ఆగిపోతుంది. కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌ను, డీవీఆర్‌ను ఇన్వర్టర్ లైనులో కలిపించండి. ఇంకొకటి: యాప్‌లో "డివైస్ ఆఫ్‌లైన్" అలర్ట్ ఆన్ చేసుకోండి. రాత్రి పన్నెండింటికి తెనాలి ఇల్లు ఒక్కసారిగా మాయమైతే అది కూడా ఒక కబురే. పక్కింటివాళ్ల నంబరు అప్పుడు చేతిలో ఉండాలి.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కేసు దాకా వెళ్లినప్పుడు పెద్దదవుతుంది. డీవీఆర్‌లో బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకునే ఎన్‌టీపీ ఆన్ చేసి, టైమ్ జోన్ ప్లస్ 5:30 పెట్టండి.

పోలీసులకు ఇవ్వాల్సి వస్తే వాట్సాప్‌లో పంపింది చాలనుకోకండి, వాట్సాప్ వీడియోను నొక్కి చిన్నది చేస్తుంది. వెతకడానికి ఫొటో పంపండి, సాక్ష్యానికి అసలు ఫైలు పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. కత్తిరించకండి, పేరు కూడా మార్చకండి. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీకి సర్టిఫికెట్ ఉండాలని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్‌కు నమూనా ఉంది, అందులో ఫైలు హ్యాష్ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క బిట్ మారినా మారిపోతుంది. క్లౌడ్ నుంచి దింపిన రోజే ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ తీసి తేదీతో రాసి పెట్టుకోండి.

ఒక మాట అమ్మానాన్నల వైపు నుంచి. హాల్లో కెమెరా ఉంటే దాన్ని క్లౌడ్‌కి కలపకండి. గేటు దగ్గర కెమెరా కాపలా కాస్తుంది, హాల్లో కెమెరా మాత్రం అమ్మ ఎప్పుడు పడుకుంది, పనిమనిషితో ఏం మాట్లాడింది అన్నీ చూస్తూ ఉంటుంది. ఏ కెమెరా ఎక్కడికి వెళ్తోందో వాళ్లిద్దరికీ కూర్చోబెట్టి చెప్పండి. గేటు కెమెరా ఎదురింటి కిటికీలోకి చూస్తుంటే కొంచెం కిందికి వంచండి. అమ్మానాన్నలు తీర్థయాత్రలకు వెళ్లి ఇల్లు తాళం వేసేటప్పుడు టూ టౌన్‌లోనో మీ పరిధి స్టేషన్‌లోనో ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి అడగండి, తాళం వేసిన ఇళ్ల కోసం ఏపీ పోలీసులు పెట్టిన ఏర్పాటు అది.

అన్నీ పెట్టాక, ఈసారి ఊరు వెళ్లినప్పుడు పరీక్ష చేయండి. రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆపించి, మీరే గేటు తీసుకుని వరండా దాకా నడవండి. రెండు నిమిషాలు ఆగి డీవీఆర్ ప్లగ్, లాప్‌టాప్, రౌటర్ మూడూ పీకేయండి. ఇప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, కెమెరాల అకౌంటు తెరిచి, మీ ముఖం ఉన్న మెయిల్, మీరు గేటు తీసిన నిమిషం వీడియో ఉన్నాయో లేదో చూడండి. క్రిప్ట్ వేసి ఉంటే ఆ వీడియో ఫోన్‌లో నేరుగా తెరుచుకోదు, ఇంకో కంప్యూటర్‌లో ఆర్‌క్లోన్‌కు ఆ పాస్‌వర్డులు ఇచ్చి చూడాలి. మెయిల్ ఎన్ని సెకన్లకు వచ్చింది, ఏ ముక్క వరకు క్లౌడ్‌కి చేరింది అన్నది రాసుకోండి. ఏదైనా లేకపోతే మీ డీవీఆర్ వెనక స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు, ఫర్మ్‌వేర్ తేదీ ఇక్కడ పెట్టండి, సీరియల్ నంబరు మాత్రం చెరిపేయండి. ఏ మెనూలో ఏం మార్చాలో నేను చెబుతాను.